జేగురు పూత చిత్రిత పాత్రలు

జేగురు పూత చిత్రిత పాత్రలు దక్షిణ భారతదేశంలో తొలి చారిత్రక యుగానికి చెందిన మృణ్మయ పాత్రలు. పురావస్తు గ్రంథాలలో వీటిని రసెట్ కోటెడ్ పెయింటెడ్ వేర్ అంటారు. ఆంధ్ర పాత్రలు అన్న పేరు కూడా ఉంది.

తయారీ

వేగంగా తిరిగే సారెపై చేసిన పాత్రల మీద తెల్లమట్టితో గాని సున్నంతో గాని గీతలు గీసి, పైన జేగురు పూత పూసి కాల్చేవారు. అడ్డగీతలు, వాలుగీతలు, గళ్ళు, చుక్కలు వీటిలోని ప్రధాన అలంకారాలు. గిన్నెలు, పళ్ళాలలో లోపలి భాగం తరచుగా నల్లగా ఉంటుంది. క్రీ.పూ. 5, 4 శతాబ్దాలలో దక్షిణ ఇటలీలోని గ్రీకు వలస నగరాలలో చేసిన చిత్రిత పాత్రలపై వలె వీటిపై దేవతల, వీరుల కథలు కనబడవు. పొరల కాలం తెలుసుకొనడానికి తోడ్పడడమే వీటి ప్రాముఖ్యం.

కాలనిర్ణయం

1945లో మార్టిమర్ వీలర్ పుదుచ్చేరి సమీపంలోని అరికమేడులో త్రవ్వకాలు జరిపాడు. అక్కడ ఇటలీకి చెందిన అరెటైన్ పాత్రలతో పాటు, లోపల చక్రపు నొక్కులు గల రౌలెటెడ్ పాత్రలు లభించాయి. అరెటైన్ పాత్రల కాలం తెలిసినదే. 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరి త్రవ్వకాలలో అటువంటి రౌలెటెడ్ పాత్రలు జేగురు పూత పాత్రలతో కలిసి కనిపించాయి. ఈ ఆధారంతో ఆయన బ్రహ్మగిరి చివరి దశ క్రీ.శ. 1వ శతాబ్ది మధ్యలో మొదలైనదని నిర్ణయించాడు. దాని ముందరి బృహత్ శిలాయుగ సమాధుల కాలాన్ని కూడా దీనినుండే లెక్కగట్టాడు.

రౌలెటెడ్ పాత్రలు భారతదేశంలోనే తయారైనవని, అరెటైన్ పాత్రల రాకకు పూర్వమే వాడుకలో ఉన్నవని తరువాతి పరిశోధనలలో తేలింది. దానితో వీలర్ వేసిన కాలక్రమం వెనుకకు జరిగింది.

పేరు, విస్తరణ

పురాణాలు శాతవాహనులను ఆంధ్రులుగా పేర్కొన్నాయి. అందువలన వీలర్ బ్రహ్మగిరి చివరి దశకు ఆంధ్ర సంస్కృతి అని పేరు పెట్టాడు. పాత్రలకు ఆ పేరే వచ్చింది. అయితే ఇవి కర్ణాటకలోని చంద్రవల్లి, మస్కిలలోను, శాతవాహనుల ఏలుబడిలో లేని కొంగునాడులోని కొడుమణల్‌లోను లభించాయి. తెలుగు నేలపై నూజివీడుకు నైరుతిన కృష్ణ ఒడ్డున ఉన్న అమరావతి, తెలంగాణలోని కొండాపూర్ రౌలెటెడ్ పాత్రలు దొరికిన స్థలాలలో ఉన్నాయి. కనుక ఒక పెంకు దొరికినంత మాత్రాన ఆ చోటు శాతవాహన రాజ్యంలోనిదని చెప్పడానికి వీలులేదు. రాజవంశాన్ని కాక రూపాన్ని తెలిపే జేగురు పూత పాత్రలు అన్న పేరే నేడు ఎక్కువగా వాడుకలో ఉంది.