తౌహీద్

అల్లాహ్ ఒక్కడేనన్న విశ్వాసమే తౌహీద్. ఇస్లాంకు ఇదే పునాది. 'ఒకటిగా ఎంచడం' అని ఈ అరబ్బీ మాటకు అర్థం. ఖురాన్‌లోని 112వ సూరా (అధ్యాయం) అల్‌ఇఖ్లాస్ దీన్ని నాలుగే ఆయతుల్లో (వాక్యాల్లో) చెబుతుంది. ఇక్కడ ఒకటి అంటే లెక్కలో ఒకటి మాత్రమే కాదు: ఆయనకు భాగాలు లేవు, సాటి లేదు, సృష్టిలో దేనితోనూ పోలిక లేదు. ఆయనకు భాగస్వాములను కల్పించడం షిర్క్, అన్నిటికన్నా ఘోరమైన పాపం.

మరి ఖురాన్‌లో దేవుని చేయి, ముఖం, సింహాసనం ప్రస్తావనలు ఉన్నాయి కదా! అసలు చిక్కు ఇదే. ముతజిలాలనే హేతువాద పండితులు వాటిని అలంకారాలన్నారు. పండితుడు అహ్మద్ ఇబ్న్ హంబల్ వర్గం 'ఎలా' అని అడగకుండా అంగీకరించింది. ఈ రెండో మార్గంలోనే వినయం ఎక్కువ. ఖురాన్ సృష్టించబడినదా, అనాదిగా ఉన్నదా అన్న వాదమూ ఇక్కడి నుంచే రగిలింది. 833లో ఖలీఫా మామూన్, ఖురాన్ సృష్టించబడినదని ఒప్పుకోవాలంటూ పండితులను విచారణకు గురిచేశాడు. లొంగని ఇబ్న్ హంబల్ చెరసాల పాలయ్యాడు.