మనీలాండరింగ్ నిరోధక బాధ్యతల నిర్ణయోపకరణము

వ్యాపారి తన వృత్తిస్వరూపమును, సాలుసరి టర్నోవరును, నగదు లావాదేవీల తీరును తెలుపగా, మనీలాండరింగ్ నిరోధక చట్టము తనకు వర్తించునో లేదో, వర్తించినచో ఏయే బాధ్యతలు తనపై పడునో వరుస ప్రశ్నల మూలమున తేల్చి చెప్పు సాఫ్ట్‌వేరు. ఆస్ట్రేలియాలో ఆస్ట్రాక్ అను ప్రభుత్వ సంస్థయే ఇట్టి ప్రశ్నావళిని వర్తకులకు అందించుచున్నది. మన దేశమున ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ సమకూర్చిన ఫిన్‌నెట్ వ్యవస్థ ప్రధానముగా నివేదికలు పంపుటకు ఉద్దేశింపబడినది. అసలు ఎవరు పంపవలెనన్న తొలి ప్రశ్న ఎంత చిక్కైనదో గోదావరి మండలపు వర్తకమును పరికించినచో బోధపడును.

1989లో జీ-7 దేశములు పారిస్ సమావేశమున నెలకొల్పిన ఫైనాన్షియల్ యాక్షన్ టాస్క్ ఫోర్స్ మరుసటి యేట 40 సిఫారసులను వెలువరించెను. ఆ వెలుగులో మన పార్లమెంటు చేసిన 2002 నాటి చట్టము 2005 జూలై 1న అమలులోకి వచ్చెను. తొలుత దాని పరిధి బ్యాంకులు, సహకార బ్యాంకులు, చీటీల కంపెనీలు, షేర్ల మధ్యవర్తులు మొదలగువారికే పరిమితము. కావున గుండుగొలనులో జన్మించిన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకునకు ఈ మండలమున గల శాఖలును, రాజమహేంద్రవరమున జాంపేట, ఆర్యాపురము సహకార అర్బన్ బ్యాంకులును 10 లక్షలు మించిన నగదు లావాదేవీలను మరుసటి నెల 15వ తేదీలోగా తెలుపవలసినవాయెను. అనుమానాస్పదమైన లావాదేవీకి మాత్రము ఏ మొత్తమును హద్దుగా లేదు. 2009 నాటి సవరణతో విదేశీ ద్రవ్యమును మార్చువారును, సొమ్ము బదిలీ చేయు సంస్థలును చేరిరి. కువైట్‌కు పనికై పోయినవారు ఇంటికి పంపు సొమ్ము మీద ఆధారపడు కోనసీమ పల్లెలకు ఈ చేర్పు మిక్కిలి దగ్గర విషయము.

బంగారు వర్తకుల కథ ఇంత సూటిగా సాగలేదు. 2017 ఆగస్టు 23న 2 కోట్ల టర్నోవరు గల నగల వర్తకులను చట్టమున చేర్చిన నోటిఫికేషను, అక్టోబరు 6నే రద్దయ్యెను. తిరిగి 2020 డిసెంబరు 28న వారు చేరిరి గాని, ఈ మారు కొలబద్ద మారెను: ఒక ఖాతాదారునితో 10 లక్షలు, అంతకు మించిన నగదు లావాదేవీ, ఒక్కసారిగానో, సంబంధము గల అనేక దఫాలుగానో జరిగినప్పుడే బాధ్యత. అదే దినమున 20 లక్షల వార్షిక టర్నోవరు గల స్థిరాస్తి ఏజెంట్లును చేరిరి.

నరసాపురమున నగల దుకాణము నడుపుచు, స్థలముల కమీషను వ్యాపారమును కూడ చేయు ఒక వర్తకుని తలంతము. పెండ్లివారు ఉదయము 6 లక్షలు, సాయంత్రము 5 లక్షలు నగదిచ్చి రెండు బిల్లులు వ్రాయించుకొన్నచో, ఉపకరణము ఆ రెంటిని కూడి 11 లక్షలుగా చూడవలెను. అయితే 2 లక్షలు, అంతకు పైబడిన నగదును ఒకరినుండి ఒక దినమున పుచ్చుకొనరాదని ఆదాయపు పన్ను చట్టమందలి 269ఎస్‌టీ సెక్షను 2017 ఏప్రిల్ 1 నుండియే శాసించెను. మీరినచో పుచ్చుకొన్నంత మొత్తము జరిమానా. అనగా మొదటి బిల్లుతోనే ఒక చట్టము దాటబడినది, రెండవ బిల్లుతో మరియొక చట్టము మేల్కొన్నది. ఈ రెంటిని కలగలిపి, నివేదిక పంపినచో సరిపోవునని సూచించు సాఫ్ట్‌వేరు వర్తకుని కాపాడజాలదు సరికదా, అతనికి కీడే చేయును.

2023 మార్చి 7న క్రిప్టో ఆస్తుల వ్యవహర్తలును, మే 3న ప్రాక్టీసు చేయు చార్టర్డ్ అకౌంటెంట్లు, కంపెనీ సెక్రటరీలు, కాస్ట్ అకౌంటెంట్లును చేర్పబడిరి. రాజమహేంద్రవరపు ఆడిటరు లెక్కలు తనిఖీ చేసి రిటర్నులు దాఖలు చేసినంతమాత్రమున బాధ్యుడు కాడు. అతడే కక్షిదారుని పక్షమున స్థలము కొనిపెట్టినను, అతని బ్యాంకు ఖాతాను నిర్వహించినను, కంపెనీని స్థాపించియిచ్చినను బాధ్యుడగును. కనుక ఉత్తమమైన ఉపకరణము దుకాణపు బోర్డును కాక, జరిగిన పనిని అడుగవలెను. ఒకే మనిషి మూడు వృత్తులు చేసినచో మూడు సమాధానములీయవలెను.

తేదీ నడుగుట అంతకన్న ముఖ్యము. పాత లెక్కలు తిరుగవేయు నగల వర్తకునకు 2017 సెప్టెంబరు బిల్లుకు టర్నోవరే ప్రశ్న, ఆ యేడు నవంబరు బిల్లుకు ఈ చట్టము క్రింద ఏ ప్రశ్నయు లేదు, 2021 జనవరి బిల్లుకు నగదే ప్రశ్న.