అసలుది వెయ్యి బాబూ!

మొన్న మాఘమాసంలో మా పిన్ని కూతురి పెళ్ళి తాడేపల్లిగూడెంలో అయింది. పెళ్ళికి ముందురోజు రాత్రి 'సంగీత్' అని ఒకటి పెట్టారు. మన పెళ్ళిళ్ళలోకి ఇదెప్పుడొచ్చి చేరిందో నాకైతే తెలీదు. మా అమ్మమ్మ వుంటే "పెళ్ళికి ముందు గంతులేమిటే?" అని ముక్కు మీద వేలేసుకునేది. సరే, పిల్లలందరూ పాటలకి ఎగురుతున్నారు. డీజే కుర్రాడు 'రచ్చ' సినిమాలోని వానపాట వేశాడు. అంతవరకూ కుర్చీలో కూర్చుని వియ్యాలవారికి కాఫీలు అందాయో లేదో చూసుకుంటున్న పిన్ని చటుక్కున లేచింది. తిన్నగా ఆ పెద్ద స్పీకర్ల దగ్గరికి నడిచింది.

"ఇది కాదు. అసలుది వెయ్యి బాబూ!" అంది.

"ఇదేగా ఆంటీ ఆ పాట!" అన్నాడు వాడు.

"ఇది కొడుకుది. తండ్రిది వెయ్యి."

చుట్టూ వున్నవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో చెప్పాలంటే ఆ పాట సంగతి కొంచెం మొదట్నుంచీ చెప్పుకురావాలి.

పిన్ని అడిగింది 'గ్యాంగ్‌లీడర్'లోని 'వానా వానా వెల్లువాయె'. 1991 మే 9న విడుదలైన సినిమా. చిరంజీవి, విజయశాంతి. పాట రాసింది భువనచంద్ర, పాడింది బాలసుబ్రహ్మణ్యం, చిత్ర. సంగీతం బప్పీలహరి. ఇరవై ఒక్కేళ్ళ తర్వాత, 2012లో, అదే పాటని మణిశర్మ 'రచ్చ' కోసం మళ్ళీ చేస్తే చిరంజీవి కొడుకు రామ్‌చరణ్ అందులో తడిశాడు. పిన్ని 'కొడుకుది' అన్నది అందుకే.

ఈ బప్పీలహరి గారున్నారే, ఆయన మెళ్ళో బంగారు గొలుసులు చూసి మనమంతా నవ్వుకున్నాం గానీ, ఆయన కథ తమాషాగా వుంటుంది. జల్పాయ్‌గుడిలో పుట్టిన బెంగాలీ. తల్లీ తండ్రీ ఇద్దరూ గాయకులే. పసితనంలోనే తబలా ముందు కూర్చోబెట్టారు. అలాంటివాడు పెద్దయి 'డిస్కో కింగ్' అనిపించుకున్నాడు.

డిస్కో అన్నది అమెరికా సరుకు. 1970ల మొదట్లో న్యూయార్కు క్లబ్బుల్లో నల్లవాళ్ళూ, స్పానిష్ మాట్లాడేవాళ్ళూ రాత్రిళ్ళు రికార్డులు పెట్టుకుని ఆడుకునే ఆట. 1977లో 'సాటర్‌డే నైట్ ఫీవర్' సినిమా వచ్చి దాన్ని ఇంటింటికీ చేర్చింది. రెండేళ్ళు తిరక్కుండా అదే అమెరికాలో దానిమీద ఏవగింపు పుట్టింది. 1979 జూలై 12న షికాగోలో ఓ బేస్‌బాల్ మైదానంలో రెండు ఆటల మధ్య డిస్కో రికార్డులు కుప్పపోసి మందుపెట్టి పేల్చేశారు. జనం మైదానంలోకి విరుచుకుపడేసరికి రెండో ఆట జరగనేలేదు. డిస్కో పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు.

అక్కడ తగలబెట్టిన మరుసటి ఏడాదే ఇక్కడ పొయ్యి వెలిగింది. 1980లో 'ఖుర్బానీ' వచ్చింది. బెంగుళూర్లో పుట్టి లండన్లో స్థిరపడ్డ బిద్దు, పదిహేనేళ్ళ పాకిస్తానీ పిల్ల నాజియా హసన్ చేత పాడించిన పాట దేశమంతా మోగిపోయింది. 1982 డిసెంబర్లో 'డిస్కో డాన్సర్' వచ్చాక మరి చెప్పక్కర్లేదు. అది బప్పీలహరిది. సోవియట్ రష్యాలో కూడా జనం విరగబడి చూశారు. 1984లో మన తెలుగులోనూ బాలకృష్ణతో 'డిస్కో కింగ్' తీశారు.

ఇక్కడో చిన్న మాట. ఏలూర్లో గానీ గూడెంలో గానీ డిస్కో హాలన్నది మేమెవరం ఎరగం. అయినా డిస్కో మా ఊళ్ళన్నిటికీ వచ్చింది. వినాయక చవితి పందిరికి చుట్టిన రంగుదీపాలు 'డిస్కో లైట్లు' అయిపోయాయి. పెళ్ళి బ్యాండువాడి డ్రమ్ములోకి ఆ దెబ్బ దూరిపోయింది. ఆ దెబ్బలో పెద్ద విశేషమేం లేదు. మన డప్పులో దరువుకి ఓ విరుపుంటుంది, ఓ తూగుంటుంది. డిస్కోలో అదేం లేదు. నిమిషానికి నూట ఇరవై చొప్పున అన్నీ సమానంగా ధన్ ధన్ ధన్ ధన్. మా కొల్లేటి వైపు చేపల చెరువుల గట్లమీద నీళ్ళు తోడే ఆయిలింజను ఎలా కొట్టుకుంటుందో అచ్చం అలాగే! రాత్రంతా ఆ ఇంజను చప్పుడులో నిద్రపోయినవాళ్ళకి డిస్కో కొత్తేమిటి చెప్పండి?

బప్పీలహరి తెలుగులోకి రావడం 1986లో, కృష్ణ గారి 'సింహాసనం'తో. అది మన మొదటి 70 ఎం.ఎం. సినిమా. కత్తులూ కిరీటాలూ వున్న జానపదానికి డిస్కో మాస్టారి సంగీతమేమిటని పెద్దవాళ్ళు చప్పరించేశారు గానీ పాటలు మాత్రం మారుమోగాయి. తర్వాత 1989లో 'స్టేట్ రౌడీ'. ఈలోగా బొంబాయిలో గాలి తిరిగిపోయింది. 1988లో 'కయామత్ సే కయామత్ తక్', 1990లో 'ఆషికీ' వచ్చి జనాన్ని మళ్ళీ మెత్తటి పాటల వైపు లాక్కుపోయాయి. అక్కడ తన దెబ్బకి గిరాకీ తగ్గుతున్న రోజుల్లోనే ఆయన ఇక్కడ 'గ్యాంగ్‌లీడర్' చేశాడు. అదే ఏడాది 'రౌడీ అల్లుడు', మరుసటేడు 'రౌడీ ఇన్‌స్పెక్టర్'. షికాగో వాళ్ళు కాదన్నది బొంబాయి పుచ్చుకుంది, బొంబాయి వద్దనుకుంటున్నది మనం పుచ్చుకున్నాం. పాతచీర చెల్లెలికిచ్చినట్టు అని మీరు అనుకోవచ్చు. చెల్లెలి ఒంటిమీద ఆ చీర ఎంత బాగుందో చూస్తే ఆ మాట అనరు.

ఇంతకీ ఆ చెల్లెలు మా ఊరి పిల్లే సుమండీ! 'గ్యాంగ్‌లీడర్' దర్శకుడు విజయబాపినీడు గారిది ఏలూరు పక్కనే వున్న చాటపర్రు. సినిమాల్లోకి రాకముందు 'విజయ', 'బొమ్మరిల్లు' పత్రికలు నడిపిన మనిషి. అంటే పత్రిక పాఠకుడికి ఏం కావాలో పసిగట్టే చేతులే సినిమా కూడా తీశాయన్నమాట. అందులో పెద్దన్నగా వేసిన మురళీమోహన్ గారిదీ ఆ చాటపర్రే. చిరంజీవిది మొగల్తూరు. పాడిన చిత్ర మలయాళీ, స్వరం కట్టినాయన బెంగాలీ. తెలుగు తన భాష కాని మనిషి కట్టిన వరసలో తెలుగు మాట ఎలా ఒదిగిందో చూడండి. సినిమాల్లో చాలాకాలంగా ముందు వరస పుడుతుంది, మాట తర్వాత వస్తుంది. కుట్టిన రవిక ఇచ్చి దానికి సరిపోయే మనిషిని వెతకమన్నట్టుంటుంది కవి పని. భువనచంద్ర గారు ఒకప్పుడు వైమానిక దళంలో పనిచేసి వచ్చినవారు. ఇంజను దెబ్బమీద మాట ఎక్కించడం ఆయనకెవరూ నేర్పనక్కర్లేకపోయింది కాబోలు.

అయితే ఆ 'వెల్లువ' అన్న మాట దగ్గర మా ఇంట్లో పేచీ వచ్చింది.

మా తాతయ్యది కొల్లేటి ఒడ్డు ఊరు. బుడమేరూ తమ్మిలేరూ పొంగి కొల్లేట్లో పడితే, ఉప్పుటేరు ఆ నీళ్ళని సముద్రానికి లాగలేక చేతులెత్తేస్తే, మా వాకిట్లోకి నీళ్ళొచ్చేవి. సరిగ్గా ఏడాది కిందట, 1990 మే 9న, పెనుతుఫాను తీరం దాటింది. ఆ రోజే చిరంజీవి 'జగదేకవీరుడు అతిలోకసుందరి' విడుదలైందంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. నాకప్పుడు పదేళ్ళు. ఇంటి పైకప్పు పెంకులు ఎగిరిపోతుంటే పిన్ని నన్ను మంచం కిందికి లాక్కుని చెవులు మూసింది. ఆ మరుసటేడు టేప్‌రికార్డరులో ఈ పాట మోగేసరికి తాతయ్య కస్సుమన్నారు. "వెల్లువాయె అని పాడుకోవడమేమిటే? వెల్లువంటే ఏమిటో సినిమావాళ్ళకేం తెలుసు?" ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆయన బాధ ఆయనది. కానీ పిన్ని ఆ పాట ఆపలేదు, సౌండు తగ్గించిందంతే. మంచం కింద వణికిన వానకి ఆ పాటలో చోటే లేదు. అందులో వాన ఆడపిల్లని భయపెట్టదు. పంతొమ్మిదేళ్ళ పిన్నికి అది చాలదూ?

పిన్ని అప్పుడు ఏలూర్లో బి.ఏ. రెండో ఏడు. ఏ కాలేజీయో ఎందుకు లెండి. హాస్టల్లో వుండేది. ఓ షాపువాడికి ఖాళీ క్యాసెట్టూ పాటల చీటీ ఇచ్చి ఒకవైపు మొత్తం ఆ ఒక్క పాటే ఎక్కించమంది. "వెనక్కి తిప్పే పని లేకుండా" అని నాతో రహస్యంగా చెప్పింది. వాడు వింతగా చూశాడట. వేసవి సెలవుల్లో నన్ను వెంటబెట్టుకుని ఏలూర్లో మ్యాట్నీకి తీసుకెళ్ళింది కూడా. తెరమీద ఆ పాట వచ్చినప్పుడు పిన్ని కాళ్ళు చూశాను. చెప్పులు విప్పేసి, ఒంటికాలి బొటనవేలితో సిమెంటు గచ్చుమీద తాళం వేస్తోంది.

1992 ఫిబ్రవరిలో కాలేజీ వార్షికోత్సవం. ముగ్గురు ఆడపిల్లలు కలిసి ఆ పాటకి డాన్సు చేశారు. అందులో మా పిన్ని ఒకతె. నీళ్ళు లేవు, వాన లేదు. లంగా ఓణీలు, చేతుల్లో గొడుగులు. నాలుగున్నర నిమిషాలు. ప్రిన్సిపాలు గారు కూడా చప్పట్లు కొట్టారని పిన్ని ఇప్పటికీ చెబుతుంది.

నాలుగోరోజున తాతయ్యకి కార్డు ముక్క ఒకటి వచ్చింది. కింద సంతకం లేదు. 'మీ అమ్మాయి సభలో గెంతినది. తరువాత మీ యిష్టము.' ఇంతే. ఆ వారమే ట్రంకుపెట్టె బస్సెక్కి ఇంటికొచ్చేసింది, పిన్నితో సహా. ఆ ఏడాది పరీక్షలు రాయలేదు. వైశాఖంలో తాడేపల్లిగూడెం సంబంధం కుదిరింది. ఉల్లిపాయల కమీషను వ్యాపారం, బాబాయి నెమ్మదస్తుడు, మంచివాడు. అంతా బాగానే వుంది. డిగ్రీయే మధ్యలో ఆగిపోయింది.

తాతయ్య కసాయి కాదండీ. కొల్లేటికోట పెద్దింటమ్మ జాతరకి ఏటా మమ్మల్నందర్నీ పడవెక్కించుకుని తీసుకెళ్ళేవారు. నాటకమంటే పడి చచ్చేవారు. తెల్లవార్లూ పద్యాలు విని, పక్కూరి నుంచి నడిచొచ్చి పొలం వెళ్ళేవారు. తనకి పద్యం ఎలాంటిదో, కూతురికి ఆ పాట అలాంటిదని తోచలేదు, అంతే. చివరి రోజుల్లో ఓసారి నాతో, "దాన్ని చదివించాల్సిందే" అన్నారు. పిన్నితో మాత్రం అనలేదు.

రేలంగి గారు సొంతంగా సినిమా హాలు కట్టించుకున్న ఊరు గూడెం. అలాంటి ఊళ్ళో కాపురం పెట్టి పిన్ని ఎన్ని సినిమాలు చూసిందో లెక్కలేదు. ఆ క్యాసెట్టు మాత్రం ఉల్లిపాయల గొడౌను మేడమీద గదిలో చాన్నాళ్ళుంది. టేపు నలిగి, పాట మధ్యలో బాలూ గొంతు ఆవలించినట్టు సాగేది. తర్వాత టేప్‌రికార్డర్లే పోయాయి. పాట పోలేదు. బ్యాండుమేళాల వాళ్ళు వదల్లేదు, ఆర్కెస్ట్రాల వాళ్ళు వదల్లేదు, సంక్రాంతి రికార్డింగ్ డాన్సుల వాళ్ళు వదల్లేదు. ఈ డాన్సులాడే అమ్మాయిల్ని మాత్రం మనం పొగిడిందెప్పుడు లెండి! ఏలూరు దగ్గర కొవ్వలిలో పుట్టిన విజయలక్ష్మి సిల్క్ స్మిత అయి దక్షిణాది సినిమాల్ని ఏలితే, చూసినవాళ్ళమే పెదవి విరిచాం.

బప్పీలహరి 2022 ఫిబ్రవరిలో పోయారు. అదే ఏడాది చివర్లో ఓ వింత జరిగింది. చైనాలో కోవిడ్ కట్టడిలో ఇళ్ళలో బందీలైన జనం, 'డిస్కో డాన్సర్'లోని 'జిమ్మీ జిమ్మీ' పాట పెట్టుకుని ఖాళీ గిన్నెలు చూపిస్తూ వీడియోలు తీశారు. వాళ్ళ భాషలో 'జియే మీ' అంటే 'బియ్యం అప్పివ్వండి' అని అర్థంట! పేపర్లో అది చదివి పిన్నికి ఫోన్ చేశాను. "పాపం, మన గూడెం నుంచి పంపాల్సింది" అంది. కాసేపాగి, "చూశావా, పాట ఎవడికి ఏ అవసరానికి పనికొస్తుందో!" అంది.

విజయబాపినీడు గారు 2019లోనూ, బాలూ 2020లోనూ వెళ్ళిపోయారు. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు 2006లో చాలామటుకు పేల్చేశారు. తాతయ్య ఇంటి స్థలంలో ఇప్పుడు వేరేవాళ్ళ మేడ వుంది.

ఇక సంగీత్ సంగతి. డీజే కుర్రాడు ఫోనులో కాసేపు వెతికాడు. దొరికింది. ఆ మొదటి దెబ్బ పడగానే పిన్ని అటూ ఇటూ చూసింది. చేతిలో పెళ్ళి నగల సంచీ. దాన్నెక్కడ పెట్టాలో తెలియడం లేదు. నేను లేవబోయేలోగా బాబాయే వెళ్ళారు. ఏమీ అనకుండా ఆ సంచీ పుచ్చుకుని రెండు చేతులా పొట్టకి ఆనించుకుని నిలబడ్డారు. పిన్ని చెప్పులు విప్పి గోడవారగా తోసి, చీరకొంగు నడుముకి దోపుకుంది.

"రావే! గొడుగు లేకపోయినా పర్వాలేదు" అని నన్ను కేకేసింది.