శ్రీహరికోట పొరుగున స్టార్ ట్రెక్

1969వ సంవత్సరాన్ని చంద్రుడిపై మనిషి కాలు మోపిన ఏడాదిగా లోకమంతా గుర్తుంచుకుంది. నెల్లూరు తీరానికి మాత్రం ఆ ఏటితో మరొక లెక్క ఉన్నది. జూన్ 3న అమెరికాలో స్టార్ ట్రెక్ అనే టెలివిజన్ ధారావాహిక, ప్రేక్షకులు చాలరన్న కారణంగా, ఆఖరి భాగంతో ఆగిపోయింది. జూలై 20న అపోలో 11 చంద్రుడిపై దిగింది. ఆగస్టు 15న ఇస్రో ఏర్పడింది. సెప్టెంబరులో, ఉపగ్రహం ద్వారా పల్లెలకు టెలివిజన్ చూపే ప్రయోగానికి మన అణుశక్తి విభాగమూ నాసా ఒప్పందం కుదుర్చుకున్నాయి. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ, సరుగుడు తోటలతో, చిట్టడవులతో నిండిన శ్రీహరికోట ద్వీపాన్ని రాకెట్ల కోసం ఎంపిక చేసినదీ ఆ ఏడే. ఆనాడు అది నెల్లూరు జిల్లాలోని భాగం. 2022 ఏప్రిల్‌లో జరిగిన విభజనలో తిరుపతి జిల్లాకు వెళ్ళింది. జిల్లా మారినా సముద్రం మారలేదు గనుక ఈ వ్యాసంలో దానిని నెల్లూరు తీరమనే పిలుస్తాను.

కల్పిత రోదసీ నౌక ఒకటి ఆగిపోయిన ఏడాదే నిజమైన రోదసీ నౌకలకు ఈ తీరాన చోటు దొరికింది. అటుపిమ్మట పదిహేనేళ్ళు గడిచేసరికి ఆ ఆగిపోయిన కల్పన దూరదర్శన్ ద్వారా ఇదే తీరంలోని ఇళ్ళలోకి వచ్చింది. అది వచ్చిన దారి కథ ఆ ధారావాహిక కథకంటె ఆసక్తికరమైనదని నా అభిప్రాయం.

టెలివిజన్‌ను ఆకాశం నుంచి దింపవచ్చునన్న ఊహను లోకానికి స్పష్టంగా చెప్పినవాడు ఒక వైజ్ఞానిక కల్పనా రచయిత. ఆర్థర్ సి. క్లార్క్ 1945 అక్టోబరులో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో, భూమధ్యరేఖకు పైన సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున మూడు కేంద్రాలను నిలిపితే భూగోళమంతటికీ ప్రసారాలు అందించవచ్చునని లెక్క కట్టి చూపాడు. ఆ ఎత్తులో తిరిగే వస్తువు భూమితో సమానంగా తిరుగుతుంది గనుక నేలమీదివారికి కదలనట్లే కనిపిస్తుంది. యాంటెన్నాను ఒకసారి గురిపెట్టి వదిలేయవచ్చు. లెక్క తప్పలేదు. తప్పినది ఒక్కటే: ఆ కేంద్రాలలో మనుషులు కాపురముండి, కాలిపోయిన వాల్వులను మార్చుతూ ఉంటారని ఆయన ఊహించాడు. ట్రాన్సిస్టర్ వచ్చి ఆ కాపురాన్ని అనవసరం చేసింది.

1975 ఆగస్టు 1న ఆ ఊహ మన పల్లెలకు వచ్చింది. నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు ఇటు జరిపి, ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాలలోని 2400 గ్రామాలకు కార్యక్రమాలు ప్రసారం చేశారు. సైట్ అని పిలిచిన ఆ ప్రయోగం 1976 జూలై 31తో ముగిసింది. కోళ్ళగూళ్ళకు వాడే తీగవల వంటి దానితో అల్లిన మూడు మీటర్ల యాంటెన్నాలు బడులమీద, పంచాయతీ ఇళ్ళవద్ద వెలిశాయి. వ్యవసాయం, ఆరోగ్యంతోపాటు పిల్లలకు విజ్ఞాన పాఠాలు కూడా వాటిలో ఉండేవి. కొలంబోలో స్థిరపడిన క్లార్క్ ఇంటికి కూడా మన ఇంజనీర్లు వెళ్ళి ఒక యాంటెన్నా అమర్చి వచ్చారు. తాను ముప్ఫయ్యేళ్ళ క్రితం కాగితంమీద గీసిన దానిని, భారతీయ రైతులకోసం తయారైన కార్యక్రమాల రూపంలో ఆయన తన ఇంట్లో కూర్చుని చూశాడు. ఏ నవలలోనైనా ఇటువంటి సన్నివేశం రాస్తే అతిశయోక్తి అంటాం.

ఆ ఏడాది గడిచాక ఏటీఎస్-6 వెళ్ళిపోయింది. మనకు సొంత ఉపగ్రహం కావలసి వచ్చింది. ఇక్కడ నెల్లూరు తీరానికి ఒక చేదు లెక్క ఎదురవుతుంది. 1983 ఏప్రిల్ 17న శ్రీహరికోట నుంచి ఎస్ఎల్‌వీ-3 రాకెట్ 41.5 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. అదే ఏడాది ఆగస్టు 30న అమెరికా ఫ్లోరిడా నుంచి చాలెంజర్ అంతరిక్ష షటిల్ టన్నుకు పైగా బరువున్న ఇన్సాట్-1బీని మోసుకెళ్ళింది. దూరదర్శన్ దేశమంతటా విస్తరించినది ఆ ఇన్సాట్ ఆధారంగానే. 1984లో ట్రాన్స్‌మిటర్లు వరుసగా వెలిశాయి. అనగా, రాకెట్లు ఎగిరే ద్వీపానికి పొరుగున ఉన్న ఊళ్ళకు రోదసి కథలను తెచ్చిపెట్టినది ఆ ద్వీపపు రాకెట్ కాదు. అది మోయగలిగినది నలభై కిలోలు. టెలివిజన్‌కు కావలసినది టన్ను. అంతకు ముందు 1981 జూన్ 19న కక్ష్యకు చేరిన యాపిల్ అనే ప్రయోగాత్మక సమాచార ఉపగ్రహం కూడా దక్షిణ అమెరికాలోని కౌరూ నుంచి ఏరియాన్ రాకెట్‌పైనే వెళ్ళింది. పరీక్షకు లోహపు చట్రంలేని వేదిక కావాలని దానిని ఎడ్లబండిమీద ఎక్కించిన ఛాయాచిత్రం ప్రసిద్ధం. దానిని చూసి పేదరికమని నవ్వినవారున్నారు. అది చవకగా చేసిన మంచి భౌతికశాస్త్రం.

అలా వచ్చిన స్టార్ ట్రెక్‌ను 1980ల నడుమ ఆదివారం ఉదయాలలో చూసిన తరం మనది. ఇంగ్లీషు సగం అర్థమయ్యేది, తక్కినది కెప్టెన్ కిర్క్ కనుబొమలు చెప్పేవి. కార్ల్ సేగన్ కాస్మాస్ కూడా ఆ దశాబ్దంలోనే వచ్చింది. తర్వాత మనవారే తీసిన స్పేస్ సిటీ సిగ్మా, 1989లో ఇంద్రధనుష్, 1998లో కేతన్ మెహతా కెప్టెన్ వ్యోమ్ వచ్చాయి. వీటిలో సిగ్మా, వ్యోమ్ రెండూ స్టార్ ట్రెక్ పోతపోసినవే: వంతెనవంటి గది, మెరిసే బల్బులు, ఆజ్ఞలిచ్చే నాయకుడు, నవ్వే ప్రతినాయకుడు. పిల్లలకు సంతోషం కలిగించాయి, అంతమాత్రాన తీసిపారేయనక్కరలేదు. కాని వాటి నిర్మాతలు శ్రీహరికోటకు ఒకసారి వచ్చి చూసి ఉంటే కథలు వేరుగా ఉండేవనిపిస్తుంది.

ఎందుకో చెబుతాను. స్టార్ ట్రెక్‌లో యంత్రానికీ మనిషికీ తగవు వచ్చినప్పుడల్లా మనిషే గెలుస్తాడు. కిర్క్ కంప్యూటర్‌తో వాదించి, దాని తర్కంలోనే దానిని ఇరికించి, పొగలు కక్కేలా చేస్తాడు. 1968లో ప్రసారమైన ఒక భాగంలో నౌకను నడపడానికి తెచ్చిన కంప్యూటరే పిచ్చెక్కి మనుషులను చంపుతుంది. ఇప్పుడు 1979 ఆగస్టు 10వ తేదీని చూడండి. ఎస్ఎల్‌వీ-3 తొలి ప్రయోగం. 22 మీటర్ల ఎత్తు, 17 టన్నుల బరువు. ఎగరడానికి కొద్ది నిమిషాల ముందు కంప్యూటర్ ఆపేయమన్నది. నియంత్రణ వ్యవస్థలో ఏదో కారుతున్నదని దాని సూచన. నిపుణులు చర్చించి, నిల్వ తగినంత ఉన్నదని భరోసా ఇచ్చారు. ప్రయోగ సారథి అబ్దుల్ కలాం కంప్యూటర్‌ను పక్కనపెట్టి ఎగరనిచ్చారు. మొదటి దశ చక్కగా పనిచేసింది. రెండవ దశలో అదుపు తప్పి, 317 సెకన్లకు రాకెట్ బంగాళాఖాతంలో కూలింది. నైట్రిక్ ఆమ్లం కారిపోయి నియంత్రణ వ్యవస్థ పనిచేయలేదని విచారణలో తేలింది.

కంప్యూటర్ చెప్పినదే నిజం. కలాం ఈ సంగతిని తర్వాత ఎన్నో సభలలో స్వయంగా చెప్పారు. ఆ రోజు విలేకరుల ఎదుట బాధ్యతనంతా తనపై వేసుకున్న సతీశ్ ధవన్, 1980 జూలై 18న రెండవ ప్రయోగం గెలిచి 35 కిలోల రోహిణి కక్ష్యకు చేరినప్పుడు మాట్లాడే అవకాశాన్ని కలాంకు ఇచ్చారని కూడా చెప్పారు. ధవన్ గొప్పదనాన్ని మనం చాలాసార్లు విన్నాం. కథలోని మొదటి సగాన్ని, అంటే నిపుణులంతా కలిసి ఒక హెచ్చరికను తోసిపుచ్చిన సంగతిని, అంతగా తలచుకోము. నిజమైన విజ్ఞానంపై నిలిచిన ధారావాహిక అంటే నా దృష్టిలో ఇటువంటి ఘట్టాన్ని దాచకుండా చూపగలిగినది. పరికరాల పేర్లు సరిగ్గా పలికినంత మాత్రాన ఆ అర్హత రాదు.

కల్పనే నిజానికి పాఠం చెప్పిన సందర్భమూ లేకపోలేదు, అదీ ప్రయోగ విధానంలోనే. అంకెలను వెనకకు లెక్కించే కౌంట్‌డౌన్‌ను ప్రసిద్ధం చేసినది 1929లో జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన చంద్రయాత్ర చిత్రం. ముందుకు లెక్కపెడితే ఎక్కడ ఆగుతుందో ప్రేక్షకుడికి తెలియదు, సున్నా వైపు లెక్కపెడితే ఉత్కంఠ కలుగుతుంది. ఆ చిత్రానికి శాస్త్ర సలహాదారు రాకెట్ శాస్త్ర మార్గదర్శకులలో ఒకరైన హెర్మన్ ఓబెర్త్. నాటక అవసరానికి పుట్టినది ఇంజనీర్ల అలవాటైంది. అయితే శ్రీహరికోటలో కౌంట్‌డౌన్ అంటే పది అంకెలు కావు. గంటల తరబడి సాగే తనిఖీల పట్టిక. దాని అసలు విలువ సున్నాలో లేదు, ఏ అంకె దగ్గరైనా ఆగగలగడంలో ఉన్నది. 2001 మార్చి 28న తొలి జీఎస్ఎల్‌వీ చుట్టూ ఉన్న నాలుగు ద్రవ ఇంధన ఇంజన్లు అంటుకున్నాయి, ఒకటి చాలినంత బలం పుంజుకోలేదు. ఘన ఇంధన దశ అంటుకోవడానికి ఒక్క సెకను ముందు కంప్యూటర్ అంతా ఆపేసింది. ఘన ఇంధనం ఒకసారి అంటుకుంటే ఆర్పే ఉపాయం లేదు గనుక ఆ సెకనే సర్వస్వం. ఏప్రిల్ 18న అదే రాకెట్ ఎగిరింది. 2019 జూలై 15న చంద్రయాన్-2ను 56 నిమిషాల 24 సెకన్ల ముందు ఆపారు. 22న అది బయలుదేరింది. అర్ధరాత్రి దాకా మేలుకుని కూర్చున్నవారు విసుక్కున్నారు. ఆగిన రాకెట్‌ను చూడడం మన ధారావాహికలు మనకు నేర్పలేదు.

అటువంటి ధారావాహికలు లోకంలో లేవా అంటే ఉన్నాయి. 1955లో వాల్ట్ డిస్నీ తన టెలివిజన్ కార్యక్రమంలో వెర్నర్ ఫాన్ బ్రౌన్‌ను కూర్చోబెట్టి రోదసీ యాత్రను బొమ్మలతో వివరింపజేశాడు. 1973లో బీబీసీ మూన్‌బేస్ 3 పేరుతో ఆరు భాగాలు తీసింది: చంద్రుడిమీద స్థావరం, చాలీచాలని నిధులు, విసిగిన శాస్త్రజ్ఞులు. రాక్షసులు లేకపోయేసరికి జనం చూడలేదు. 2015 నుంచి 2022 దాకా వచ్చిన ది ఎక్స్‌పాన్స్‌లో నౌక వేగం పెంచుకుంటున్నంతసేపే కాళ్ళకింద బరువు ఉంటుంది. సగం దారిలో నౌక వెనుదిరిగి వేగం తగ్గించుకోవాలి. స్టార్ ట్రెక్‌లో మనుషులను మాయంచేసి నేలమీదికి దింపే యంత్రం పుట్టిందే ప్రతివారం నౌకను దింపి చూపడానికి డబ్బు చాలక. రెండింటికీ మధ్య ఉన్న తేడా అర్ధశతాబ్ది.

తెలుగులో సంగతి వేరు. నెల్లూరు జిల్లావారైన సింగీతం శ్రీనివాసరావు 1991లో ఆదిత్య 369 తీసి కాలయంత్రాన్ని కృష్ణదేవరాయల కాలానికీ, 2504వ సంవత్సరానికీ నడిపించారు. సినిమా అంత సాహసించినా తెలుగు ధారావాహికలు వంటింటికీ పడకగదికీ మధ్యనే తిరిగాయి. 2022లో హిందీలో వచ్చిన రాకెట్ బాయ్స్ భాభా, సారాభాయ్‌ల జీవితాలను తుంబా దాకా చూపి, 1974 పోఖ్రాన్‌తో ముగించింది. శ్రీహరికోట అసలు కథ మొదలయ్యేది ఆ తర్వాతనే.

ఆ కథకు సామగ్రి కొరత లేదు. తూర్పుకు ఎగిరితే భూభ్రమణం సాయపడుతుంది, ముందంతా సముద్రం. ఈ రెండూ ఈ ద్వీపానికి వరాలు. కాని ధ్రువకక్ష్యకు దక్షిణంగా పోవాలంటే దారిలో శ్రీలంక ఉన్నది. అందుకని పీఎస్ఎల్‌వీ మొదట ఆగ్నేయంగా వెళ్ళి, దీవిని దాటాక మలుపు తిరుగుతుంది. ఆ మలుపుకు ఇంధనం ఖర్చు, ఇంధనానికి బదులు మోసే బరువులో కోత. హనుమంతుడు నేరుగా దాటిన చోట మన రాకెట్ చుట్టూ తిరిగి పోవలసివచ్చింది. 1987 మార్చి 24న ఏఎస్ఎల్‌వీ మొదటి దశ అంటుకోనే లేదు. 1988లో మళ్ళీ వైఫల్యం. 1993 సెప్టెంబరు 20న పీఎస్ఎల్‌వీ తొలి ప్రయోగం సముద్రం పాలయింది. 2004 ఫిబ్రవరి 23న ఘన ఇంధన కర్మాగారంలో మంటలు లేచి ఆరుగురు చనిపోయారు. ఆ ఏడే సెప్టెంబరు 20న జీఎస్ఎల్‌వీ ఎడ్యుశాట్‌ను మోసుకెళ్ళింది. పాఠాల ప్రసారం కోసమే తయారైన ఉపగ్రహం అది. సైట్ రోజుల్లో అరువు తెచ్చుకున్న పనిని ఈ తీరమే చేయగలిగినది అప్పుడు.

ఇంకొక పాత్ర ఉన్నది, ఏ ధారావాహికలోనూ రానిది. రాకెట్లకు ముందు ఆ ద్వీపం యానాదులది. అడవిలో తేనె, దుంపలు, మూలికలు ఏరుకుంటూ, సరస్సులో చేపలు పట్టుకుంటూ బతికినవారు. ద్వీపం ప్రయోగకేంద్రం అయ్యాక వారి ఊళ్ళు కదలవలసివచ్చింది. కొత్త గ్రహంమీద దిగిన నౌకలవారు అక్కడి మూలవాసులతో ఎలా మెలగాలన్నది స్టార్ ట్రెక్ ప్రతివారం చర్చించిన ప్రశ్న. జోక్యం చేసుకోరాదన్నది ఆ నౌక ప్రథమ నియమం. కిర్క్ దానిని తరచు ఉల్లంఘించేవాడనుకోండి. ఆ ప్రశ్నకు నిజమైన రంగస్థలం సూళ్ళూరుపేట నుంచి సరస్సు దాటితే చాలు, ఎదురుగానే ఉన్నది.

2023 అక్టోబరు 21న, మనిషిని రోదసికి పంపే గగన్‌యాన్ సన్నాహాలలో భాగంగా, ప్రమాదం వస్తే సిబ్బంది గదిని రాకెట్ నుంచి విడదీసే పరీక్ష శ్రీహరికోటలో జరిగింది. దేశమంతా టెలివిజన్‌లో చూస్తూ ఉండగా ఎగరడానికి 5 సెకన్ల ముందు కంప్యూటర్ ఆపేసింది. ఈసారి ఎవరూ దానిని తోసిపుచ్చలేదు. కారణం వెతికి, సరిచేసి, 10 గంటలకు ఎగరవేశారు. గది విడివడి, పారాచూట్లతో తీరానికి సుమారు పది కిలోమీటర్ల దూరాన సముద్రంలో దిగింది. నౌకాదళపు ఈతగాళ్ళు చేరుకునేసరికి అది తలకిందులుగా తేలుతూ ఉన్నది.