18446744073709551615: చదరంగపు గడుల మొత్తం

18446744073709551615 ఇరవై అంకెల పూర్ణసంఖ్య. చదరంగపు పలకపై మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు చొప్పున అరవైనాలుగు గడులలోనూ రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తం ఇదే. అంటే 2 యొక్క 64వ ఘాతం కంటే ఒకటి తక్కువ. 1000 ప్రాంతంలో పండితుడైన అల్ బిరూనీ దీనిని గణించి గ్రంథస్థం చేశాడు. తెలుగులో ఇది పావులూరి మల్లన గణితసార సంగ్రహంలో ఒక చంపకమాలగా కనిపిస్తుంది.

రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణిత గ్రంథాన్ని మల్లన తెలుగు చేస్తూ, మూలంలోని జైన ఉదాహరణల స్థానంలో శైవమైనవి చేర్చాడు. 11వ శతాబ్దపు వేంగి చాళుక్య రాజు రాజరాజ నరేంద్రుడు పిఠాపురం దగ్గరి నవఖండవాడను దానమిచ్చింది ఈ కవికా, లేక ఇదే పేరుగల ఆయన తాతకా అన్న వివాదం ఉండడం వల్ల, రచనాకాలాన్ని కొందరు 11వ శతాబ్దంగానూ, కొందరు 12వ శతాబ్ది ఆరంభంగానూ భావిస్తారు. ఆ రోజులలో వ్యావహారిక అవసరాలకు తెలుగు వాడుక కోస్తా దాటి చాలా దూరం వ్యాపించిందనడానికి, ఛిందక నాగరాజుల ఏలుబడిలోని బస్తరులో, బార్సూరు వద్ద లభించిన 1060 నాటి తెలుగు శాసనమే నిదర్శనం. లెక్కల పుస్తకం తెలుగులో వెలువడడం అటువంటి వాతావరణంలో సహజమే.

మల్లన పద్యం భూతసంఖ్యా పద్ధతిలో ఉంది. ఈ పద్ధతిలో చంద్రుడు ఒకటికి, వేదాలు నాలుగుకు, మన్మథుని బాణాలు ఐదుకు, కొండలు ఏడుకు, ఆకాశం సున్నకు సంకేతాలు. ఒకట్ల స్థానం నుండి మొదలుపెట్టి అంకెలను ఎడమవైపుకు పేర్చుకోవాలి. రాతప్రతిలో ఒక అంకె జారితే గుర్తుపట్టడం కష్టం, ఒక పదం జారితే ఛందస్సే పట్టిస్తుంది. ఇరవై అంకెలూ నేటికీ సరిగా సరిపోవడానికి ఈ కట్టుబాటు కొంత కారణం కావచ్చు.

సంఖ్యాశాస్త్రరీత్యా దీని విశేషం కారణాంకాలలో ఉంది. రెండు వర్గాల భేదాన్ని విడదీసే సూత్రాన్నే పదేపదే ప్రయోగిస్తే, ఇది 3, 5, 17, 257, 65537, 4294967297 అనే ఆరు సంఖ్యల లబ్ధంగా విడిపోతుంది. ఇవి మొదటి ఆరు ఫెర్మా సంఖ్యలు, అంటే 2 యొక్క 1, 2, 4, 8, 16, 32వ ఘాతాలకు ఒకటి చొప్పున కలిపితే వచ్చేవి. ఈ రూపంలోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలే, అంటే ఒకటితోనూ తమతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడనివే, అని 17వ శతాబ్దంలో పియెర్ ద ఫెర్మా భావించాడు. మొదటి ఐదింటి విషయంలో అది నిజమే. ఆరవదానిని 641 నిశ్శేషంగా భాగిస్తుందని లియొనార్డ్ ఆయిలర్ 1732లో చూపడంతో ఆ ఊహ కూలిపోయింది. ఈ ఆరవ ఫెర్మా సంఖ్యను భాగించే ఏ ప్రధాన సంఖ్య అయినా 64 యొక్క గుణిజానికి ఒకటి కలిపిన రూపంలోనే ఉండాలి గనుక, వెతకవలసినవి కొద్ది సంఖ్యలే; భాగఫలమైన 6700417 కూడా ప్రధాన సంఖ్యే. ఆ విధంగా చదరంగపు మొత్తానికి ఏడు వేర్వేరు ప్రధాన కారణాంకాలు, 128 భాజకాలు ఉన్నాయి. అంకెల మొత్తం 87 కావడం వల్ల ఇది మూడుతో భాగింపబడుతుంది కాని తొమ్మిదితో భాగింపబడదు.

అరవైనాలుగు బిట్ల కంప్యూటరులో, రుణసంఖ్యలకు చోటివ్వకుండా, ఒకే యంత్రపదంలో (మెషీన్ వర్డ్) నిలిచే గరిష్ఠ పూర్ణాంకం ఇదే. దానికి ఒకటి కలిపితే యంత్రం సున్న చూపుతుంది.