ఫ్రెంచిపేట (మచిలీపట్నం)

ఫ్రెంచిపేట కృష్ణా జిల్లా మచిలీపట్నం (బందరు)లోని ఒక పేట. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం లాగే ఏ తెల్లవాళ్లు ఎక్కడ దిగారో చెప్పే పేరు ఇది. వలందులంటే డచ్చివారు. ఫ్రెంచివారిని పాత తెలుగులో పరాసులనేవారు.

1669లో మర్కారా అనే ఆర్మీనియన్ గోల్కొండ సుల్తాను నుంచి ఫర్మానా సంపాదించడంతో ఫ్రెంచి కంపెనీ ఇక్కడ వర్తకశాల తెరిచింది. 1750లో బందరు వారి వశమైంది. ఫ్రెంచి సైన్యం ఖర్చుల కింద 1753లో హైదరాబాదు నిజాం సలాబత్‌జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచి సేనాని బుస్సీకి అప్పగించాడు.

పరాసుల పతనానికి మొదలు బొబ్బిలిలో ఉంది. 1757 జనవరిలో విజయనగరం రాజు విజయరామరాజు పక్షాన బుస్సీ బొబ్బిలిపై చేసిన యుద్ధాన్ని బుర్రకథలు వాడవాడలా వినిపించాయి గాని, దాని వెనుకే నడిచిన బందరు ముట్టడిని చెప్పుకొనేవాళ్లు తక్కువ. బొబ్బిలి కోట పడ్డాక బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు విజయరామరాజును చంపాడు. విజయరామరాజు తరువాత విజయనగరం గద్దెనెక్కిన ఆనందరాజు ఫ్రెంచివారికి ఎదురుతిరిగి ఇంగ్లీషువారిని పిలిచాడు. క్లైవు బెంగాలు నుంచి కర్నల్ ఫోర్డును పంపాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తి వద్ద ఫోర్డు చేతిలో ఓడిన ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ బందరు కోటలోకి చేరాడు.

1759 మార్చిలో ముట్టడి మొదలైంది. కోట చుట్టూ ఉప్పుబురద. లోపలివారి బలం బయటివారికంటే ఎక్కువ. ఫోర్డు దగ్గర డబ్బు లేదు, సొంత తెల్ల సైనికులే తిరగబడ్డారు, మందుగుండు రెండు రోజులకు మించి రాదు. సలాబత్‌జంగ్ సేన బెజవాడ దాకా వచ్చేసింది. వెనక్కి తగ్గే దారి కూడా లేదు. ఏప్రిల్ 7 రాత్రి ఒక దళం బురదలో దిగి నైరుతి వైపు హడావిడి చేస్తుంటే, అసలు దళం మరోచోట గోడ ఎక్కింది. తెల్లవారేసరికి కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. ఫ్రెంచి సాయంతో ఓడలు వారం ఆలస్యంగా వచ్చి, జరిగింది తెలిసి వెనుదిరిగాయి. మే 14న సలాబత్‌జంగ్ బందరును ఇంగ్లీషువారికి రాసిచ్చి, ఫ్రెంచివారితో తెగతెంపులు చేసుకున్నాడు. ఫోర్డుది సాహసమంటారు గాని, గతిలేనితనమే ఎక్కువ.

తర్వాతి సంధులతో ఫ్రెంచివారికి బందరులో మిగిలింది కొద్దిపాటి నేల, దానిపై తమ జెండా ఎగరేసే హక్కు. కోట మళ్లీ వారి చేతికి రాలేదు. 1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో సుమారు ముప్పైవేలమంది చనిపోవడంతో పట్నం వైభవమే తగ్గిపోయింది. బందరులో మిగిలిన ఆ కొద్దిపాటి నేలను ఫ్రాన్సు 1947 అక్టోబరులో భారతదేశానికి అప్పగించింది. యానాం మాత్రం 1954 దాకా ఫ్రెంచి పాలనలోనే ఉంది.