బహుళార్థక ఆంగ్ల పదాల తెలుగు అనువాదం

బహుళార్థక ఆంగ్ల పదాల తెలుగు అనువాదం అనగా ఒకే రూపంలో ఉండి, సందర్భాన్ని బట్టి వేర్వేరు అర్థాలనిచ్చే పొట్టి ఆంగ్ల పదాలకు తగిన తెలుగు మాటలను నిర్ణయించే ప్రక్రియ. ట్యాంక్, బెడ్, ఫ్రీ, రన్, టు మొదలైనవి ఇటువంటి పదాలు. పెద్ద పారిభాషిక పదం ఎదురైనపుడు అనువాదకుడు నిఘంటువు చూస్తాడు. పొట్టి పదం తెలిసినదే అనిపించడం వలన చూడడు. అందువలన పొరపాట్లకు ఇక్కడ అవకాశం ఎక్కువ.

కారణాలు

ఆంగ్లంలో ఒకే పదం రూపం మారకుండానే నామవాచకంగాను, క్రియగాను ఉపయోగపడుతుంది. నిత్యవ్యవహారంలోని పురాతన పదాలకు శతాబ్దాల వాడుకలో కొత్త అర్థాలు చేరుతూ వచ్చాయి. ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు రెండవ ముద్రణలో (1989) అన్నిటికంటె పెద్ద వివరణ "సెట్" అనే క్రియకు ఉన్నది. తరువాతి సవరణలలో ఆ స్థానం "రన్"కు దక్కింది. ఈ క్రియకు ఆరు వందలకు పైగా అర్థాలను గుర్తించారు. తెలుగులో మనిషి పరుగెత్తుతాడు, బస్సు నడుస్తుంది, కాలువ పారుతుంది, యంత్రం పనిచేస్తుంది. ఆంగ్లంలో వీటన్నిటికీ "రన్" సరిపోతుంది.

నల్గొండ ప్రాంతం నుండి ఉదాహరణలు

నల్గొండ జిల్లాలోని నార్కట్‌పల్లి హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారిపై ఉన్నది. అద్దంకి వైపు వెళ్ళే రహదారి ఇక్కడ చీలుతుంది. ఈ ప్రాంతపు నిత్యజీవితంలో వినిపించే మూడు పదాలు ఈ సమస్యను స్పష్టం చేస్తాయి.

ట్యాంక్: పెట్రోలు బంకులో ఈ మాటకు వాహనపు ఇంధనపు తొట్టి అని అర్థం. గ్రామ పంచాయతీలో మంచినీటి ట్యాంకు. నీటిపారుదల శాఖ ఆంగ్ల పత్రాలలో మాత్రం ఇది చెరువు. నల్గొండ సమీపంలోని పానగల్లు ఉదయసముద్రం వంటి పాత చెరువులను ఆంగ్ల గ్రంథాలు ఈ పేరుతోనే పేర్కొంటాయి. హైదరాబాదులోని ట్యాంక్ బండ్ అనగా హుస్సేన్ సాగర్ చెరువు కట్ట. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకం పునరుద్ధరించినవి కూడా ఇటువంటి చెరువులనే. బండిలో "ఫుల్ ట్యాంక్" అంటే నిండా ఇంధనం. చెరువు విషయంలో "ఫుల్ ట్యాంక్ లెవెల్" అంటే చెరువు నిండినపుడు నీరు నిలిచే మట్టం.

బెడ్: ఆసుపత్రిలో పడక, వరి సాగులో నారుమడి, నది విషయంలో నదీగర్భం. "ట్యాంక్ బెడ్"కు తెలంగాణ రెవెన్యూ వ్యవహారంలో శిఖం భూమి అనే మాట స్థిరపడి ఉన్నది. ఒక ప్రకటనలో దీనిని "తొట్టి అడుగు" అని అనువదిస్తే ప్రతి పదానికీ నిఘంటువు మద్దతు ఉంటుంది, కాని రైతుకు విషయం అందదు. శిఖం అని వ్రాస్తే అది ఏ భూమియో, అక్కడ ఇల్లు ఎందుకు కట్టరాదో వెంటనే తెలుస్తుంది.

ఫ్రీ: ఉచితం, స్వేచ్ఛ, ఖాళీ అనే అర్థాలతో పాటు, మరొక పదం తరువాత చేరినపుడు "లేని" అనే అర్థం కూడా ఉన్నది. నల్గొండ జిల్లా భూగర్భజలాలలోని ఫ్లోరైడు వలన ఎన్నో గ్రామాలు ఫ్లోరోసిస్ వ్యాధితో బాధపడ్డాయి. అక్కడ "ఫ్లోరైడ్ ఫ్రీ" నీరు అంటే ఫ్లోరైడు లేని నీరు. ధరతో దానికి సంబంధం లేదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా కూడా ఈ పదానికి "ఉచిత" అనక "స్వేచ్ఛా విజ్ఞాన సర్వస్వం" అనే పేరును స్వీకరించింది.

తెలుగులో ఎక్కువ మాటలున్న సందర్భాలు

కొన్ని చోట్ల ఆంగ్లంలో ఒకటిగా తోచే భావాన్ని తెలుగు విభజిస్తుంది.

రైస్: పొలంలో వరి, కళ్ళంలో వడ్లు, దుకాణంలో బియ్యం, విస్తరిలో అన్నం.
వి: ఎదుటివారిని కలుపుకొంటే మనం, కలుపుకోకుంటే మేము.
యు: నీవు లేదా మీరు.

రెండవ పదంలో పొరపాటు జరిగితే వినేవారిని మన సమూహం నుండి బయటకు నెట్టినట్లవుతుంది.

విభక్తుల సమస్య

ఆంగ్లంలో "టు" విడి పదంగా నామానికి ముందు నిలుస్తుంది. తెలుగులో విభక్తి నామానికి చివర చేరి, దాని చివరి అచ్చును బట్టి మారుతుంది: నల్గొండకు, హైదరాబాదుకు, కాని నార్కట్‌పల్లికి. "ఊరు" అనే పదమైతే "ఊరికి" అవుతుంది. కంప్యూటరు ఉపకరణాలలో ఊరి పేరు కోసం ఖాళీ వదలి, దాని తరువాత ఒకే విభక్తిని ఉంచితే సగం పేర్లకు వాక్యం చెడుతుంది. "గమ్యం: నార్కట్‌పల్లి" వంటి వాక్యనిర్మాణం ఈ చిక్కును తప్పిస్తుంది.

ఇతర భాషలలో

ఈ సమస్య తెలుగుకు మాత్రమే పరిమితం కాదు. పోర్చుగీసులో "ఫర్" అనే ఆంగ్ల పదానికి పోర్, పారా అనే రెండు మాటలున్నాయి. మొదటిది ఎక్కువగా కారణాన్ని, రెండవది ఉద్దేశాన్ని తెలుపుతాయి. "బి" అనే క్రియకు స్థిర స్వభావానికి సేర్, మారే స్థితికి ఎస్తార్ వాడతారు. తెలుగులో "ఇది నార్కట్‌పల్లి" అన్న వాక్యానికి క్రియయే అవసరం లేదు.

పాటించదగిన పద్ధతులు

విడి పదాన్ని కాక పూర్తి వాక్యాన్ని చూడాలి. ఆ మాట ఎవరు, ఎక్కడ, ఏ వస్తువును గురించి అన్నారో తెలుసుకోవాలి.
పదం నామమో, క్రియయో ముందుగా నిర్ణయించాలి.
ఆ వృత్తిలోనివారు వాడే మాట ఉంటే కొత్త పదాన్ని కల్పించరాదు. మత్తడి, తూము, శిఖం వంటి మాటలు ఇందుకు ఉదాహరణలు.
అనువాదాన్ని ఆంగ్లం తెలియనివారి చేత చదివించాలి. వారికి అర్థమైనది మూలంలోని అర్థమే అయితే అనువాదం సరిపోయినట్లు.

ఇవి కూడా చూడండి

తెలుగు నిఘంటువులు
తెలుగు విభక్తులు
నార్కట్‌పల్లి